మోడుల కాలంలో ఘాట్ రోడ్డు

ఆదివారం పొద్దున్నే ఫిల్మ్ నగర్ ఇంట్లో వెంకటనర్సయ్య మళ్ళీ ఆ ఫైలు ముందేసుకుని కూర్చున్నాడు. సినిమాలకు లొకేషన్లు వెతికిపెట్టడం ఆయన పని. శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఏ మలుపు ఏ నెలలో ఎలా ఉంటుందో ఆ ఫైల్లో ఫొటోలతో సహా ఉంది. పెళ్ళయిన కొత్తలో భార్య భూలక్ష్మి ఆ రోడ్డు చూపించమంది. ఇరవై ఆరేళ్ళయింది. పెద్దమనిషి ఇంకా ప్లాన్ వేస్తూనే ఉన్నాడు!

వానాకాలంలో అడిగితే బండలు జారుతాయన్నాడు. చలికాలంలో మంచుకు లోయ కనబడదన్నాడు. మోదుగలు పూసినప్పుడు వెళ్దామని, తీరా పూసేసరికి షూటింగ్ వాళ్ళతో తానొక్కడే వెళ్ళొచ్చాడు.

"ఇయ్యాల్నే పోదామమ్మా. కొత్త కారున్నది, నేను నడుపుత," అంది కూతురు నిహారిక. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆ పిల్లది.

"మే నెలల ఏముంటదే గాడ? అన్నీ మోడులే. కార్తీకంల పోదాం," అన్నాడు నర్సయ్య.

"సరే," అంది భూలక్ష్మి, బెండకాయలు తరుగుతూ. తలెత్తలేదు.

ఆ మాటకు నిహారికకు ఒళ్ళు మండింది. "నీకు కోపం గూడ వస్తలేదా?"

"కోపమెందుకే? ఎందుకు పోవాలనుకున్ననో గదే యాదికొస్తలేదు. పోయినా పోకున్నా ఒక్కటే."

"ఇన్నవా నాయినా? డైరెక్టర్లకు దగ్గరుండి చూపిస్తివి. అమ్మకు మాత్రం సీజన్ కుదరలే!"

"మంచిగున్నప్పుడే చూపియ్యాలని గదనే..." నర్సయ్య ఫైలు కేసి చూశాడు. బాగాలేని రోజున లొకేషన్‌కు ఎవరినీ తీసుకెళ్ళకూడదని నేర్చుకున్నాడు. ఇంట్లో మనిషికీ అదే పద్ధతి పెట్టాడు, ఖర్మ! ఫైలు మూసేసి లేచాడు. "లే లక్ష్మీ. చీర మార్చుకో."

సగం తరిగిన బెండకాయలు అలాగే ఉన్నాయి.

మన్ననూరు దాటాక అడవి మొదలైంది. ఎండిన చెట్లు, దుమ్ము, వేడిగాలి. భూలక్ష్మి బయటికి చూస్తోంది గానీ ముఖంలో ఏమీ లేదు. నర్సయ్యకు సిగ్గేసింది.

"వానలప్పుడు గీ బండ మీదికెళ్ళి నీళ్ళు దుంకుతయ్. జర ఆ పక్కన..."

"ఆపు. ఎప్పటిదో చెప్పకు. ఇప్పుడున్నది చూడనీ," అంది భూలక్ష్మి.

ఘాట్‌లో ఒక మలుపు దగ్గర కారు ఆపించి దిగింది. ఆకుల్లేని కొమ్మల సందుల్లోంచి అడుగున కృష్ణ దాకా లోయంతా కనబడుతోంది. నర్సయ్య ఫొటోల్లో ఎక్కడా అంత లోతు లేదు. పచ్చగా ఉన్నప్పుడు అంతా ఆకులే అడ్డం.

"గింత దగ్గరనా?" అంది భూలక్ష్మి. "పొద్దున బయలెల్లితే వచ్చేటంత దగ్గరుండెనా ఇది?"

అంతే, ఏడుపు వచ్చేసింది. ఆయనకేసి చూడకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నర్సయ్య పక్కన నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, ఆయన భుజానికి ఆనుకుంది.

"వానలకు గూడ రావాలె," అంది. "ఏ రోజన్నది నేను చెప్త."