బావగారి ఫైర్ స్టేషన్లో బాంబు

"ఈ మధ్యాహ్నం మన హెడ్ క్వార్టర్స్‌లో మంట లేస్తుంది," అన్నాడు చీఫ్. "అది ఉత్తుత్తి మంట. అసలు బాంబు దాన్ని ఆర్పడానికొచ్చే ఫైరింజన్లో ఉంటుంది. ఫైరింజన్ని గేటు దగ్గర ఎవడూ ఆపడు కదా!"

"కబురు ఎవరిది, సార్?" అడిగాడు సీక్రెట్ ఏజెంట్ ముంగిస.

కిటికీ దగ్గరున్న అందగత్తె నీలి కళ్లద్దాలు సర్దుకుంది. మనవాళ్ల దగ్గరా, శత్రువుల దగ్గరా జీతం పుచ్చుకునే డబుల్ ఏజెంట్ ఆవిడ. "వాళ్ల మనిషి ఫైర్ ఆఫీసరే," అంది తీయగా.

ఆ ఆఫీసర్ ముంగిస సొంత అక్క మొగుడు. బావంటే ఒళ్లుమంటే గానీ, దేశద్రోహి అంటే నమ్మబుద్ధి కాలేదు.

"అరెస్ట్ చెయ్. తిరగబడితే షూట్," అన్నాడు చీఫ్.

పంపుల ఇన్‌స్పెక్టర్ వేషంలో స్టేషన్లో అడుగుపెట్టాడు ముంగిస. బావ ఎగాదిగా చూశాడు.

"ఆ మీసం ఎక్కడ అద్దెకు తెచ్చావ్? మీ ఆఫీసులో పనీపాటా లేదా?"

"పంపులు చూడాలి బావగారూ."

"చూసి తగలడు. నా కళ్లబడకుండా చూడు."

ముంగిస చెయ్యి జేబులోని పిస్టల్ మీదకి పోయింది. బాంబు సంగతి తెలిసినవాడైతే వేళకాని బెల్లుకి తడబడతాడు, ముందు ఆ పరీక్ష చేసి చూద్దామనుకుని వెనక్కి తీసుకున్నాడు. తిన్నగా వెళ్లి ఫైర్ బెల్ నొక్కాడు.

స్టేషన్ అదిరిపోయింది. గోడవార బూట్లు నిలబడి ఉన్నాయి, ప్యాంట్లు వాటి చుట్టూ మడతపడి ఉన్నాయి. బావా, మిగతావాళ్లూ వాటిలోకి కాళ్లు దూర్చి, ఒక్క లాగు లాగి పరిగెత్తారు. ఇంట్లోనూ బావ గుమ్మంలో అలాగే విడుస్తాడని అక్క రోజూ తిట్టిపోస్తుంది.

నిన్న చేరిన కొత్త డ్రైవర్ మాత్రం బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. తర్వాత మేకుకు తగిలించిన ప్యాంటు తీసి, బూటు పట్టక గింజుకుంటున్నాడు.

"పాత కాపువన్నావే! బెల్లు మోగితే ఇలాగేనా తొడుక్కునేది?" గద్దించాడు బావ.

డ్రైవర్ ప్యాంటు వదిలేసి లేచాడు. "అయితే అందరం కలిసే పోదాం!" అంటూ రిమోట్ తీశాడు. ముంగిస పిస్టల్ జేబు గుడ్డలో చిక్కుకుంది. డ్రైవర్ వేలు మీటను తాకబోతుండగా బావ నీళ్ల పైపు విప్పి వాడి మీదికి తిప్పాడు. నీటి దెబ్బకి వాడు గోడకి గుద్దుకున్నాడు, రిమోట్ మురిక్కాలవలో పడింది.

ఫైరింజన్లో డ్రైవర్ సీటు కింద బాంబు దొరికింది. ముంగిస ఫోన్ చేశాడు. "నీలి కళ్లద్దాలను వదలకండి సార్. అసలువాణ్ణి కాపాడ్డానికి మా బావని చూపించింది."

"ఆవిడ గదికి ఇప్పుడే తాళం వేయించాను," అన్నాడు చీఫ్.

బావ అంతా విన్నాడు. "అంటే నన్ను అరెస్ట్ చెయ్యడానికొచ్చావా?"

"ఆర్డర్, బావగారూ."

"తిరగబడితే కాల్చమన్నారా?"

"అవునండీ."

"సరే. ఆ ముక్క మీ అక్కతో నువ్వే చెప్పు. పద, ఇంటికెళ్దాం."

బాంబు చూసి చలించని ముంగిస, చీఫ్‌కి మళ్లీ ఫోన్ చేసి, విదేశంలో ఏదైనా ప్రమాదకరమైన మిషన్ ఉంటే వెంటనే పంపమని బతిమాలాడు.