ఎర్రదారం గిలాస

పొద్దున ఏడుకే వాడకట్టుల బట్ట నేసే సాంచెల చప్పుడు మొదలైంది. పనికి పోయే ముందు మల్లేష్ చాయ తాగి గోలీ మింగిండు. ఆరేండ్ల కింద మస్కట్ పోదామని మెడికల్‌కు పోతే, రక్తంల హెపటైటిస్ బి ఉన్నదని అన్‌ఫిట్ చేసిండ్రు. గప్పటి సంది కరీంనగర్ డాక్టరమ్మ రాసిన గోలీ రోజుకొకటి. గప్పటి సందే ఆయన గిలాసకు ఎర్రదారం. కట్టింది పరాయోళ్లు కాదు, కన్నతల్లి లింగవ్వే. గిలాసతోని ఈ రోగం అంటుకోదని డాక్టరమ్మ చెప్తే, ఆమెకేం ఎరుక అన్నది.

ఆమె కంటె పెద్ద డాక్టరు పోయిన నెల దుబాయి నుంచి దిగిండు. మల్లేష్ అన్న, పరశురాములు. పన్నెండేండ్లు అక్కడ గోడలకు రంగులేసిండు గని, మాట్లాడితే దవాఖానలు తనే నడిపినట్టు ఉంటది. సెంటు సీసాలు, సబ్బులు తెచ్చిండు. సాంచె కాడ నిలబడి నడుం పట్టేసే తమ్మునికి నొప్పిగోలీల పెద్ద డబ్బా తెచ్చిండు. అన్న తెచ్చిన మాల్ కద, మల్లేష్ పొద్దుమాపు మింగబట్టిండు.

గా పొద్దున పరశురాములు తమ్ముని చేతులకెళ్లి లివర్ గోలీల డబ్బా గుంజుకున్నడు.

"ఏండ్ల తరబడి మింగితే కిడ్నీలు కరాబైతయిరా. ఇయ్యాల్టి సంది బంద్."

"ఎవల్ని అడిగి బంద్ బావా?" మల్లేష్ పెండ్లాం రమ చీపురు పక్కకు పెట్టింది. "ఆర్నెల్లకోసారి రక్తం చూసేది అందుకే. ఈసారి పోలే. మీరు గూడ రాండ్రి."

గెలుస్తననుకొని పరశురాములు ఇస్త్రీ అంగీ తొడుక్కొని మరీ కరీంనగర్ పోయిండు. రిపోర్టుల కిడ్నీల లెక్క తప్పనే తప్పింది. పరశురాములు మరదలి దిక్కు చూసి మీసం సవరించుకున్నడు.

డాక్టరమ్మ ఆయన దిక్కు చూడనే లేదు. ఇంకేం మందులు మింగుతున్నవని మల్లేష్‌ను అడిగింది. మల్లేష్ జేబులకెళ్లి దుబాయి గోలీలు తీసిండు.

"ఎవరిచ్చిండ్రు?"

మల్లేష్ చేతులున్న గోలీల దిక్కే చూసిండు. రమ బావ మొఖం చూసుకుంట కూసున్నది, గంతే.

లివర్ గోలీతోని కొందరి కిడ్నీలు దెబ్బతినేది నిజమేనని, నొప్పిగోలీలు తోడైతే ఇంకింత ముప్పని డాక్టరమ్మ చెప్పింది. నొప్పిగోలీలు బంద్. లివర్ గోలీ సొంతంగ ఆపితే మాత్రం రోగం తిరగబడి పానం మీదికొస్తదట. కిడ్నీలకు భారం తక్కువుండే ఇంకో రకం రాసి, రెండు వారాలకు మల్ల రక్తం చూపియ్యమన్నది.

బస్సుల పరశురాములు ఇస్త్రీ అంగీ గుండీలు ఇప్పుకొని కిటికీ పొంటి కూసున్నడు.

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి నీళ్లడిగిండు. రమ ఎర్రదారం గిలాసలనే ముంచుకొచ్చింది. ఆయన చెయ్యి సగం దాక వచ్చి ఆగింది.

"గిలాసతోని అంటుకోదు బావా. మీరైతే అన్నీ ఎరిగినోళ్లు."

పరశురాములు గడగడ తాగిండు. తువ్వాలతోని మూతి తుడిసిండు, తర్వాత కండ్లు తుడిసిండు.

"నా చేతులతోనే నీకు ఆ గోలీలు తెచ్చి పెడితిని తమ్మీ."

"మంచికే తెచ్చినవ్ గదనే," అన్నడు మల్లేష్.

అరుగు చివర కూసున్న లింగవ్వ లేచొచ్చి గిలాస గుంజుకున్నది. దారం ముడి ఆరేండ్లది, గోళ్లకు రాలే. నోటికి ఆనించుకొని పండ్లతోని కొరికి తెంపింది.