శంఖం ఊదే ఇటుక

పాత ఇటుక గుళ్ల మీద పరిశోధనకని బెంగాల్లో విష్ణుపూర్ పక్క పల్లెలో దిగాను. ఊరంతా మాసీ, అంటే పిన్నీ అని పిలిచే నీలు మాసీ ఇంట్లో అద్దెగది. ఓ సాయంత్రం మరమరాల గిన్నె ముందు పెడుతూ మాసీ నవ్వింది.

"నిన్న సంజెవేళ నీ గదిలో శంఖం భలే ఊదావే అమ్మాయ్! పట్నం పిల్లవి, అంత ఊపిరి ఎక్కడిదే?"

నా దగ్గర శంఖం లేదు. మంచం కింద ఇటుక ఉంది.

ఊరి పాతగుడి తోరణం మీద ఇటుకల్లో వరసగా చెక్కిన ఆడవాళ్ల బొమ్మలు. శంఖం ఊదే ఆమె ఇటుక వదులుగా కదిలింది. వెనక సున్నం ఎలా పట్టించారో చూసి మళ్లీ పెట్టేద్దామని పీకి తెచ్చాను. ఈలోగా బొమ్మ పోయిందని ఊరంతా గగ్గోలు. కాపలా కాసే నిబారణ్ కాకాని ఠాణాకి ఈడ్చుకుపోయారు. చెబితే నా చదువు గంగలో కలుస్తుందని నేను నోరు మెదపలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

"ఆ పాడుగుళ్లో రోజూ దీపం పెట్టేది వాడొక్కడే. వాడు దొంగట, చోద్యం!" అంది మాసీ.

మరమరాల గిన్నె పక్కకి నెట్టాను. ఇటుకని చున్నీలో చుట్టుకుని గుడికి పరిగెత్తాను.

పొద్దు వాలుతోంది. లోపల గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. దీపం లేదు. తోరణం మీది ఆడవాళ్లు ఎప్పుడూ పక్కకి తిరిగి ఉండేవాళ్లు. ఇప్పుడు... అందరూ నావైపే.

ఇటుకని గూట్లోకి నెట్టాను. మొహానికి వెచ్చగా గాలి తగిలింది. ఊళ్లో ఇంటింటా రోజూ ఊదే సంజె శంఖాలు మోగాయి. తలెత్తి చూశాను. ఆమె బుగ్గలు ఉబ్బి ఉండాలి కదా... లోపలికి పోయి ఉన్నాయి.

తెల్లారేసరికి నిబారణ్ భార్య టగర్ గుమ్మంలో ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"బొమ్మ దొరికింది దీదీ. అయినా ఆయన్ని వదలట్లేదు. దొంగ పెళ్లామే భయపడి పెట్టేసిందంటున్నారు. చదువుకున్నదానివి, నీ మాట వింటారు. ఒక్క మాట చెప్పవూ?"

ఇక చాలు. ఆ చేతులు పట్టుకున్నాను. తీసింది నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను.

శంఖం మోగింది.

టగర్ అలవాటుగా చేతులు జోడించి నుదుటికి ఆనించుకుంది. లోపల్నుంచి మాసీ కేకేసింది. "వేళాపాళా లేకుండా పొద్దున్నే ఎవరే శంఖం ఊదేది?"

నోరు మూసుకున్నాను. శంఖం ఆగింది. నాలుక మీద ఎర్రటి ఇటుకపొడి.

"చెప్పు దీదీ..." అంటోంది టగర్.