పుదీనా బేలు

"సైనికుల ఓడ ఏ దారిన వెళ్తుందో కర్టెన్ బట్టలో అచ్చువేసి శత్రువులకి పంపేస్తున్నారు. ఆ బట్ట తీసుకెళ్ళే సరుకు స్టీమర్ నాలుగింటికి సాల్ఫర్డ్ డాక్ వదుల్తుంది," అన్నాడు గూఢచారి శాఖ మేజర్ పిల్లింగ్. "హెస్టర్, ఆ సైనికుల్లో మీ తమ్ముడూ ఉన్నాడు."

"తెలుసు సార్."

జూలైలో ఫ్రాన్సు యుద్ధంలో భర్త పోయాడు. అప్పట్నుంచి హెస్టర్‌కి ఏడుపూ లేదు, భయమూ లేదు. మనసంతా తిమ్మిరెక్కినట్టుంది.

మూడున్నరకి బట్టలు తనిఖీ చేసే మనిషి వేషంలో, ఏప్రన్ కట్టుకుని, చేతిలో భూతద్దంతో డాక్ చేరింది. శత్రుముఠాలో చేరి మేజర్‌కి కబుర్లు అందించే ఒడీల్ అక్కడ సిద్ధంగా ఉంది. పట్టు గౌను, రెండు చేతులూ దూర్చుకునే ఉన్ని చేతితొడుగు, గుప్పుమనే సెంటు.

"వాన తగ్గేలా లేదు," అంది హెస్టర్.

"మాంచెస్టర్‌లో ఎప్పుడు తగ్గింది గనక!"

కోడ్ సరిపోయింది. ఒడీల్ నీలి గులాబీల అచ్చున్న బట్టల బేలు చూపించింది. అందులో ఏ లోపమూ లేదు. హెస్టర్ పక్క బేలు మూల చింపి చూసింది. పుదీనా తీగలు!

ఆ డిజైన్ సెప్టిమస్ ఓర్మ్‌ది. ఇంగ్లండులో సగం కిటికీలకి ఆయన గీసిన ఆకులే వేలాడుతున్నాయి, ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు. హెస్టర్ తండ్రి ఆయన దగ్గరే అచ్చు రోలర్లు చెక్కాడు. మొక్క ఎలా పెరుగుతుందో అలాగే గీయాలని ఓర్మ్ పట్టుబట్టేవాడు. పుదీనాకి ఆకులు ఎదురెదురుగా, జంటలుగా వస్తాయి. ఇక్కడేమో ఒంటి ఆకులు. ఒకటి పొట్టి, రెండు పొడుగు, మళ్ళీ పొట్టి.

చుక్కలూ గీతలూ. టెలిగ్రాఫ్ వాళ్ళ మోర్స్ కోడ్!

"ఎత్తవయ్యా!" ఒడీల్ క్రేన్ వాడికి సైగ చేసింది. బేలు గాల్లోకి లేచింది. హెస్టర్ క్రేన్ బ్రేకు దాకా వెళ్ళేసరికి చేతితొడుగులోంచి పిస్తోలు ఆమె డొక్కలో గుచ్చుకుంది.

"ఆకులు లెక్కపెట్టే పిచ్చిది నువ్వొక్కతివే ఉన్నావే తల్లీ! కదిలావంటే చస్తావ్."

"కాల్చుకో."

అది ధైర్యం కాదు. నిజంగానే ఏమీ అనిపించలేదు. బతిమాలుతుందనుకున్న ఒడీల్ ఒక్క క్షణం తెల్లబోయింది. ఆ క్షణం చాలు. హెస్టర్ క్రేన్ బ్రేకు లాగేసింది. స్టీమర్ డెక్కుకి గజం ఎత్తున బేలు ఆగిపోయింది. చాటున కాపు కాసిన పోలీసులు పరుగున వచ్చి ఒడీల్ చెయ్యి విరిచి పట్టుకున్నారు.

"సైనికుల ఓడ దారి మార్చేశాం. మీ తమ్ముడు బతికిపోయాడు," అన్నాడు మేజర్ సాయంత్రం.

హెస్టర్ సంతోషం కోసం కాసేపు ఎదురుచూసింది. రాలేదు. అయినా వాడు బతికున్నాడు, అంతే చాలనుకుంది.

"రిపోర్టులో ఈ ఘనత ఎవరి పేరున రాయను?"

"సెప్టిమస్ ఓర్మ్."

"ఎవరాయన? ఏ డిపార్ట్‌మెంటు?"

"కర్టెన్లు సార్."