పదకొండో కూత

వరదన్ చేతిలో మొదట ఉన్నది పద్నాలుగు వందలు. ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వెయ్యి, పాత టేపురికార్డరుకు మూడు వందల నలభై, బ్యాటరీ సెల్లులకూ క్యాసెట్లకూ అరవై. లెక్క సరిపోయింది. పులికాట్ తుఫాను గాలిలో వాయించి ఒక క్యాసెట్టు నింపాడు. అంతకంటే భయంకరమైనది ఇంకొకటి తెస్తే దెయ్యాల సినిమాలకు చప్పుళ్లు కట్టే ఉద్యోగం నీదేనన్నారు మద్రాసు స్టూడియోలో.

దానికి తిరుత్తణి అవతల మూతపడ్డ రాతిక్వారీ ఎంచుకున్నాడు. 1985 మే నెల, మిట్టమధ్యాహ్నం. పిట్ట లేదు, గాలి లేదు. కాలిన రాతి వాసన. గొడుగు పట్టడానికి అక్క మొగుడు రాజమాణిక్యాన్ని వెంట తెచ్చుకున్నాడు. ఒకప్పుడు అక్కడ మేస్త్రీ అతనే.

గట్టు మీద కూర్చుని వరదన్ పది స్వరాలు విడివిడిగా వాయించాడు. అవతలి గోడ తిరిగి పలికింది. వేళ్ల మీద లెక్కపెట్టాడు. పదకొండు.

"బావా, ఒకటి ఎక్కువొచ్చినాదే!"

రాజమాణిక్యం అతని చెయ్యి పట్టి లాగాడు. "పోదాం రా వరదా..."

"ఏంది కత?"

"మందు పేల్చినాక గట్టెక్కినోళ్లంతా వరసగా అంకె కూయాల. ఒకటి తగ్గితే పని నిలిపి వెతకాల. ఆ దినం పది కాడ నిలిచిపోయె. పదకొండోవాడు, నాగలింగం, పలకలా. పని నిలిస్తే కూలి పోతాదని..." గొంతు తగ్గించాడు. "వాడి బదులు పదకొండు నేనే కూసినా. రెండు దినాలు కూలిన రాళ్ల లోపల్నించి రాయి కొట్టినాడురా."

వరదన్ నాలుక చప్పరించాడు. "ఆ చప్పుడు ఎవురూ టేపు చేసుకోలేదే! కిందికి పోయి పది దాకా కూయి బావా."

"వద్దురా..."

"అయితే అక్కకు చెప్పేదా, నువ్వు చేసింది?"

రాజమాణిక్యం గొడుగుతోనే క్వారీ మెట్లు దిగాడు. వరదన్ బటన్ నొక్కాడు.

"ఒకటి... రెండు..." పది దాకా వచ్చింది గొంతు.



తర్వాత రాతి లోపల్నించి, దుమ్ము నిండిన గొంతు. "పదకొండు."

వెంటనే, అదే చోటు నుంచి, బావ గొంతు. "పన్నెండు..."

వరదన్ తొంగిచూశాడు. కింద గొడుగు విప్పే ఉంది. మనిషి లేడు.

టక్... టక్... రాయి మీద రాయి. రెండు చోట్ల.

"బావా!"

ఈసారి గోడ తిరిగి పలకలేదు.

టేపులో ఇంకా ఇరవై రెండు నిమిషాలున్నాయి. ఇలాంటిది మద్రాసులో ఇంకెవడి దగ్గరా ఉండదు. వరదన్ టేపురికార్డరు మైకు అందుకున్నాడు.

టక్ టక్ ఆగింది... కింద ఎవరో తర్వాతి అంకె కోసం చెవి ఒగ్గినట్టు.

అతను మొదటి మెట్టు మీదికి కాలు చాచాడు.