మూలాలు లేని మాంత్రికుడు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నడినెత్తిన ప్రచండ సూర్యుడు నిప్పులు కక్కుతున్నాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. అయినా ఎక్కడో ఉరిమింది... ఒకసారి కాదు, రెండుసార్లు! మనిషి నీడ భయపడినట్టు పాదాల కిందికి ముడుచుకుపోయే ఆ ఘోర ముహూర్తంలో, మూడో అంతస్తులోని రెండు గదుల ఇంట్లో, పుటలు కలిపి రిజిస్టరు కుడుతున్న అక్క చేతిలోంచి దారం ఎక్కించిన సూది జారిపోయింది.

ఆమె వెన్ను విల్లులా వంగింది. కళ్ళు పైకి తేలిపోయాయి. నోరు తెరుచుకుంది... కేక వేస్తున్న నోరు అది. కానీ శబ్దం లేదు!

మూర్ఛ ఆమెకు కొత్త కాదు. తొమ్మిదో ఏట నుంచీ ఉన్నదే. కాకపోతే రెండు నెలలకో మూడు నెలలకో ఓసారి వచ్చిపోయేది, ఇప్పుడు నాలుగు రోజులుగా గడియారం చూసుకుని వచ్చినట్టు సరిగ్గా పన్నెండింటికే వస్తోంది. పైగా ఆమె పడిపోవడం లేదు. కుర్చీలో నిటారుగా బిగుసుకుని, వీధి తలుపు వైపు చెయ్యి చాస్తోంది, ఎవరినో లోపలికి రమ్మన్నట్టు.

భోజనానికి ఇంటికొచ్చి, ఆమె భుజాలు పట్టుకున్న తమ్ముడు తలుపు వైపు చూశాడు.

గడపలో ఒకడు నిలబడి ఉన్నాడు. నడుము దాకా జడలు కట్టిన గడ్డం. పాలగుడ్డులా తెల్లబారిన ఎడమకన్ను. కుడిచేతిలో అంచులు నల్లగా మాడిన కపాలం. మోకాళ్ళ దాకా మాత్రమే ఉన్నాడు. అక్కడి నుంచి కింద ఏమీ లేదు. నేలకు జానెడెత్తున, ఖాళీ మీద ఆనుకుని ఉన్నాడు.

వాడు ఎవరో తమ్ముడికి తెలుసు. తెలియకేం? స్వయంగా తనే పుట్టించాడు. కాళ్ళ సంగతి రాయడం మరిచిపోయాడు, అంతే.

తమ్ముడు ఒక కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆ పనిలో ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు. అద్దం సరిగ్గా కుదిరితే ఎవరికీ గుర్తుండదు, కుదరకపోతేనే వెతుక్కుంటూ వస్తారు. అందుకేనేమో, మూడేళ్ళ క్రితం ఫోన్లో ‘రోజుకో వింత’ అని ఒక పేజీ పెట్టాడు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తవ్వి తీసిన విచిత్రమైన వ్యాసం ఒకటి రోజూ సరిగ్గా పన్నెండింటికి అందులో పంచేవాడు, భోజనానికి కూర్చున్న జనం చేతికి ఫోన్ తీసుకునే వేళకి. తల లేకుండా ఏడాదిన్నర బతికిన కోడి. కోర్టు బోనెక్కిన పంది. నేల కింద ఏళ్ళ తరబడి మండుతూనే ఉన్న ఊరు. చూస్తూ చూస్తూ నలభై వేల మంది పోగయ్యారు. దుకాణంలో అందరూ అతణ్ణి ‘పండితుడు’ అనడం మొదలుపెట్టారు. మొదట ఎగతాళికే అన్నారు గాని, తరవాత తరవాత యజమాని కూడా నిజంగానే అనేవాడు. పండితుడుగారు ఏ వ్యాసాన్నీ రెండో పేరా దాటి చదివిన పాపాన పోలేదన్న సంగతి ఎవరికీ తెలియదు.

ఒకరోజు పదకొండున్నర అయినా వింత దొరకలేదు. దొరికినవన్నీ ఇంకెవరో ముందే పంచేశారు. నలభై వేల మంది ఎదురుచూస్తున్నారు. అప్పుడు అతడు చెయ్యకూడని పని చేశాడు. ఎవరైనా రాయగలిగే ఆ విజ్ఞాన సర్వస్వంలో ఖాళీ పుట తెరిచి, తనే ఒక వింతను వండేశాడు.

‘మూకమాంత్రికుడు’, అంటే మూగ మాంత్రికుడు, అని పేరు పెట్టాడు. మంత్రాలు కల్పించే ఓపిక లేక, వాడు మౌని, పెదవి కదపకుండానే క్షుద్రసాధన చేస్తాడు అని రాశాడు. అర్ధరాత్రి అయితే మామూలుగా ఉంటుందని మధ్యాహ్నం చేశాడు. ‘వరసగా ఏడు మధ్యాహ్నాలు ఒక స్త్రీని ఆవహించి, ఏడవనాడు ఆమె ఊపిరిని కపాలంలోకి ఆకర్షించుకొనును’ అని ముగించాడు. లోకంలో లేని రెండు పుస్తకాల పేర్లు మూలాలుగా తగిలించాడు. ఇంకా ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఫొటో లేదు.

ఫోన్లో అక్క ఫొటో ఉంది. ‘ఈసారి వచ్చినప్పుడు మనిషి ఎలా ఉంటోందో ఒక ఫొటో తీసి తెండి’ అని డాక్టరు అడిగితే తను తీసిన ఫొటో అది. ముఖం వరకు కత్తిరించి, నలుపు తెలుపు చేసి, వ్యాసంలో పెట్టేశాడు. కింద ఇలా రాశాడు: ‘మూకమాంత్రికుడు ఆవహించిన స్త్రీ. ఎడమ కనుబొమ మీద గాటు గలది, పుట్టుకతో మతిలేనిది.’

తల్లి పోయాక తనను పెంచి, చదివించి, ఈనాటికీ తన చొక్కాల గుండీలు కుట్టిపెట్టే మనిషి గురించి రాసిన మాట అది. రాస్తున్నప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగిన మాట నిజమే. పన్నెండు కావస్తోందని మళ్ళీ కదిలింది.

ఆ రోజు వచ్చినన్ని మెచ్చుకోళ్ళు అతడికి జన్మలో రాలేదు.

రెండు వారాల్లో ఆ వ్యాసం పదకొండు చోట్లకు పాకింది. ఎత్తిరాసినవాళ్ళు ఊరుకుంటారా? ఒకడు మాంత్రికుడికి ఆరో వేలు పెట్టాడు. ఇంకొకడు కోరలు మొలిపించాడు. సరిగ్గా ఆ పదకొండోది వెలువడిన మర్నాడే అక్కకు మొదటి మధ్యాహ్నం వచ్చింది. ఇప్పుడు గడపలో నిలబడ్డవాడి కుడిచేతికి ఆరు వేళ్ళున్నాయి!

ఆరు నిమిషాల తరవాత అక్క ఒళ్ళు సడలింది. గడపలో ఎవరూ లేరు.

“ఏమైందిరా, అలా చూస్తున్నావు?” అంది నీరసంగా.

“ఏం లేదక్కా. పడుకో.”

వంటింట్లోకి వెళ్ళి, వ్యాసం తెరిచి మొత్తం తుడిచేశాడు. పది నిమిషాల్లో అది మళ్ళీ ప్రత్యక్షమైంది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ వచ్చింది. విజ్ఞాన సర్వస్వంలో తప్పుడు పనులు పట్టుకునే కాపలాదారు ఒకడున్నాడు. అసలు పేరెవరికీ తెలియదు. బొమ్మ పెట్టుకోవాల్సిన చోట గుడ్లగూబ బొమ్మ ఉంటుంది కాబట్టి అందరూ గుడ్లగూబ అనే అంటారు. వ్యాసం గురించి వాదించుకునే చర్చా పేజీలో వాడి సందేశం కనిపించింది.

“అయ్యా, కారణం లేకుండా వ్యాసం తుడిచేస్తున్నారు. ఇంకోసారి చేస్తే మీ ఖాతాను ఆపెయ్యాల్సి వస్తుంది.”

తమ్ముడు సొంత ఖాతా వదిలేసి, దొంగపేరుతో ఇంకో ఖాతా తెరిచాడు. “ఇదంతా అబద్ధమని విన్నానండి,” అని రాశాడు.

“ఎవరి దగ్గర విన్నారు? పదకొండు మూలాలున్నాయి దీనికి.”

“ఆ పదకొండూ ఈ వ్యాసం చూసి రాసినవేనండి.”

“కావచ్చు. రుజువు చూపించండి, తీసేస్తాను. పేరు చెప్పుకోని మనిషి మాట మీద తియ్యలేను.”

రుజువు ఉంది. ఆ ఫొటో అసలుది, కత్తిరించనిది. దాన్ని పైకి పెడితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. కానీ అందులో అక్క ఉంటుంది, కుట్టిన రిజిస్టర్ల దొంతరలుంటాయి, వెనక బీరువా అద్దంలో ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ పండితుడుగారు కూడా స్పష్టంగా ఉంటారు. నలభై వేల మంది ముందు! అతడు ఫోన్ బోర్లా పెట్టేశాడు.

అయిదో మధ్యాహ్నం ఆ ఆకారం గడప దాటింది. ఆరోనాడు అక్క కుర్చీ పక్కకు వచ్చి, కపాలాన్ని ఆమె నోటి దగ్గరికి వంచింది... ఆమె పెదవులు నీలంగా మారాయి... బొటబొటా చెమట కారుతుండగా తమ్ముడు దాని మీదికి చెయ్యి విసిరితే, చెయ్యి చల్లటి గాలిలోంచి ఇవతలికి వచ్చేసింది!

ఏడోనాడు దుకాణానికి వెళ్ళలేదు. పదకొండున్నరకి అక్క కుట్టుపని పక్కన పెట్టి అతడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

“వారం నుంచి నువ్వు తిండి తినట్లేదు. నాకు వస్తే నువ్వు చచ్చిపోతున్నట్టు ఉంటున్నావేంటిరా? ఏం దాస్తున్నావు?”

తమ్ముడు వ్యాసం తెరిచి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

అక్క వ్యాసమూ, గుడ్లగూబతో జరిగిన చర్చా రెండూ చదివింది. కుట్టిన పుటలు లెక్కసరిగా ఉన్నాయా అని చూసుకునే మనిషి కదా, ఒక్క అక్షరం వదలకుండా, వేలు పెట్టి, నెమ్మదిగా చదివింది. ఫొటో దగ్గర వేలు ఆగింది. కింది వాక్యం రెండుసార్లు చదివింది.

“మతిలేనిదా?”

అతడికి భూమి బద్దలై తనను మింగేస్తే బాగుండుననిపించింది. “వింతగా ఉంటుందని...” అన్నాడు.

“టైమెంతయింది?”

“పన్నెండుకి పద్నాలుగు నిమిషాలుంది.”

“ఆ గుడ్లగూబ అడుగుతున్న రుజువు అసలు ఫొటోయే కదా, పెట్టెయ్యి. మొత్తం పెట్టు.”

“అందరూ నిన్ను చూస్తారక్కా.”

“చూడనీ. నాకు జబ్బుందని మన మెట్ల మీద అందరికీ తెలుసు, నాకు పని ఇచ్చేవాళ్ళకి తెలుసు. నేనెప్పుడు దాచాను?” ఆమె గొంతు పెరగలేదు. “నన్ను చూస్తారని కాదురా నీ భయం.”

చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు. నిజం.

ఆమె చెప్పింది, అతడు రాశాడు. “ఈ ఫొటోలో ఉన్నది నేను. రిజిస్టర్లు కుడతాను. తొమ్మిదో ఏట నుంచి నాకు మూర్ఛ ఉంది, మందులు వాడుతున్నాను. నన్ను ఎవడూ ఆవహించలేదు. నాకు మతి బాగానే ఉంది.”

“ఇప్పుడు నీది రాయి,” అంది.

పన్నెండుకి ఇంకా మూడు నిమిషాలు. గది చల్లబడుతోంది. కిటికీ బయట ఎండ కాస్తుండగానే ఉరిమింది. అతడు టైపు చేశాడు: ‘మూకమాంత్రికుణ్ణి నేనే కల్పించాను. ఆ పుస్తకాలు లేవు. అద్దంలో ఫోన్ పట్టుకుని ఉన్నది నేను. ఈమె మా అక్క. నేను చేసింది నీచమైన పని.’ సొంత ఖాతాలోనే రాశాడు. అసలు ఫొటో జతచేశాడు. చర్చా పేజీలో పెట్టాడు. ‘రోజుకో వింత’లోనూ పెట్టాడు.

పన్నెండు!

గది మధ్యలో గాలి చీలింది. ఆ ఘోరాకారం ఈసారి పైకప్పును తాకుతూ లేచింది! కోరలు... ఆరు వేళ్ళు... పాలగుడ్డు కన్ను... కపాలంలోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతూ అక్క ముఖాన్ని కమ్మేసింది. ఆమె కుర్చీలోంచి జారింది. గుడ్లగూబ చూశాడో లేదో! ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. తమ్ముడు ఫోన్ వదిలేసి నేల మీద కూలబడి అక్కను పట్టుకున్నాడు. మెల్లిగా పక్కకు తిప్పి, తల కింద అరచెయ్యి పెట్టాడు. ఆమె ఊపిరి సన్నబడుతోంది... దారంలా... ఇంకా సన్నంగా... ఆగిపోయింది!

అప్పుడు విన్నాడు. వారం రోజులుగా మూగగా ఉన్న ఆ మాంత్రికుడి నోటిలోంచి మొట్టమొదటి ఆర్తనాదం!

వాడు మౌని అన్న వాక్యాన్ని ఎక్కడో కూర్చున్న గుడ్లగూబ కొట్టేశాడు. ‘ఆధారం లేదు.’ ఏ మాంత్రికుడూ ఎదురు నిలవలేని అస్త్రం ఆ రెండు మాటలూ! ఆరో వేలు రాలిపోయింది. కోరలు రాలిపోయాయి. గడ్డం పాయలు పాయలుగా ఊడి, నేలను తాకకముందే మాయమైంది. పాలగుడ్డు కన్ను ఉన్న చోట ముందు ఒక గుంట, తరవాత వెనకనున్న గోడ కనిపించాయి. వాడు చెయ్యి చాచాడు, తన సృష్టికర్త వైపు, తననొక్కణ్ణే నిందిస్తున్నట్టు. ఆ చెయ్యి కూడా మణికట్టు నుంచి మోచేతి దాకా చెరిగిపోయింది. చివరికి గాలిలో కపాలం ఒక్కటే మిగిలింది... పటుక్కున బీటలువారి, పొడి కూడా మిగలకుండా పోయింది!

అక్క గట్టిగా ఊపిరి పీల్చింది.

కింద పడి ఉన్న ఫోన్ ఆగకుండా మోగుతోంది. సాయంత్రానికి ‘సిగ్గులేదా’ అన్నవాళ్ళే వేలల్లో ఉన్నారు. దుకాణం నుంచి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. యజమాని మాత్రం రేపు వచ్చి కలవమని ముక్తసరిగా కబురు పెట్టాడు. అన్నిటికీ అతడు తల ఊపుకున్నాడు. సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గు ఇక దాచుకోవాల్సింది కాదు కాబట్టి కొంత తేలికగా కూడా ఉంది. ఇంతటితో అయిపోయిందనుకున్నాడు పాపం.

అక్క మంచం మీద లేచి కూర్చుని మంచినీళ్ళు తాగింది. గ్లాసు అతడి చేతికిచ్చింది.

“డాక్టరు ఒక ఫొటో అడిగాడు కదా,” అంది. “నువ్వు ఎన్ని తీశావు?”

అబద్ధం చెప్పొచ్చు. ఫోన్ తన జేబులోనే ఉంది. ఆమె వెతకదు కూడా.

“నాలుగు.”

“నేను కొట్టుకుంటుంటేనా?”

“ఊఁ.”

“ఎందుకురా?”

అతడు గ్లాసులోకి చూస్తూ చెప్పాడు. “కిటికీలోంచి వెలుతురు బాగా పడుతోందని.”

అక్క తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. అటు తిరిగి పడుకుని, దుప్పటి భుజం దాకా లాక్కుంది.

“ఆ కిటికీ మూసెయ్యి,” అంది.

అతడు లేచి మూశాడు.