క్రాన్‌షాల చివరి ఇల్లు

లావీనియా పరుగెడుతోంది.

బాల్‌రూమ్ చివర ఏదో కదిలింది... మనిషే!

"ఆగు! ఎవరది?"

అడుగుల చప్పుడు మాత్రం పాలరాతి మెట్ల మీద పైకి... ఇంకా పైకి!

డిసెంబర్. సాయంత్రానికే చీకటి. వేసవి అయిపోగానే న్యూపోర్ట్ తీరంలోని ధనవంతుల భవనాలన్నీ మూసేసి అందరూ వెళ్లిపోతారు. ఈ విండ్‌మియర్ భవనం కూడా అంతే. డెబ్బై గదులు. సోఫాల మీద, పియానో మీద తెల్ల దుప్పట్లు. సముద్రం హోరు తప్ప పలకరించే దిక్కు లేదు.

పొగగొట్టంలోంచి పొగ వస్తోందని తోటమాలి కబురు పెట్టాడు. తమ్ముడు ఆంబ్రోస్ ఆమెను కారెక్కించుకుని వచ్చాడు.

"నా దగ్గర పిస్తోలుంది. వంటింటి వైపు చూసొస్తా. నువ్వు హాల్లోనే ఉండక్కా," అన్నాడు.

ఆమె ఉండలేదు.

ఆమెకి యాభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు భగ్గుమంటున్నాయి. అయినా పరుగు! ఆమె పుట్టిన ఇల్లు ఇది. నగరంలో ఐదో అవెన్యూలో ఉన్న ఇంటిని కూలగొట్టారు. హడ్సన్ నది ఒడ్డున ఉన్నది ఇప్పుడు ఆసుపత్రి. క్రాన్‌షా కుటుంబానికి మిగిలింది ఇదొక్కటే. ఆమె మాత్రం ఏడాది పొడుగునా హోటల్ గదిలో ఉంటుంది... ఒక్కతే.

మూడో అంతస్తు. ఒక తలుపు కింద వెలుతురు.

తమ చిన్నప్పటి పిల్లల గది!

తోస్తుంది.

పొయ్యిలో చిన్న మంట. దాని మీద ఓట్స్ జావ. పక్కనే నెరిసిన గడ్డంతో ఒక మనిషి, ఒంటికి తెల్ల దుప్పటి చుట్టుకుని.

"అరవకు విన్నీ."



ఆమెను అలా పిలిచేవాడు ఒక్కడే. అతను సముద్రంలో పోయి ఇరవై ఏళ్లు!

"థియో... అన్నయ్యా?"

"నేను పడవ మీంచి జారిపడలేదు. ఆంబ్రోస్ తోశాడు. పెద్దవాణ్ణి కదా, ఆస్తికి అడ్డం. చేపలవాళ్లు పైకి లాగారు."

"మరి ఇంటికి రావొచ్చుగా!"

"వచ్చాను. గేటు దాకా. ఖాళీ శవపేటికకి అంత్యక్రియలు చేస్తున్నారు. అందరూ నల్లబట్టల్లో... ఒక్కరి కంట్లోనూ తడి లేదు. వెనక్కి తిరిగాను."

"నేను ఏడ్చాను! గదిలో తలుపేసుకుని! క్రాన్‌షా ఆడవాళ్లు నలుగురిలో ఏడవకూడదంది అమ్మ..."



"అది తెలిస్తే ఉండిపోయేవాణ్ణి."

వెనక బూట్ల చప్పుడు!

గుమ్మంలో ఆంబ్రోస్. చేతిలో పిస్తోలు.

"కాల్చకు! దొంగ కాదురా, అన్నయ్య!"

"తెలుసు."

పిస్తోలు దించడు.

"తోటమాలి కిటికీలో మొహం చూశాడు. గడ్డం తీసేస్తే అచ్చం పోయిన పెద్దబాబుగారే అన్నాడు," ఆంబ్రోస్ గొంతు చల్లగా ఉంది. "పక్కకి జరుగక్కా. ఎప్పుడో పాతేసినవాణ్ణి చంపితే ఏ కోర్టు హత్య అంటుంది?"

లావీనియా ఇద్దరి మధ్యకి వస్తుంది.

"నన్నింకా పాతెయ్యలేదుగా. ముందు నన్ను కాల్చు!"

ఎవరూ కదలరు. జావ పొంగి మంట మీద పడుతుంది... చుయ్!

ఆమె వెనక నుంచి థియో మెల్లిగా అంటాడు.

"ఇల్లు నువ్వే ఉంచుకోరా. నాకేం వద్దు. ఈ చలి పోయేదాకా ఉండనియ్. మనిషన్నవాడితో మాట్లాడి ఎన్నాళ్లయిందో తెలుసా?"

ఆంబ్రోస్ కళ్లు చెమరుస్తాయి. పిస్తోలు కిందికి దిగుతుంది.

"అన్నయ్యా... క్షమించు."

చేతులు చాచి వస్తాడు. లావీనియా పక్కకి జరుగుతుంది. ఇద్దరూ కౌగిలించుకుంటారు. ఆంబ్రోస్ మొహం అన్నయ్య చెవి దగ్గర. ఏదో గొణుగుతున్నాడు.

ఆమె ఏడుస్తోంది. ఇద్దరి ఎదుటా... మొదటిసారి!

ఒక్కసారిగా థియో ఒళ్లు బిగుసుకుంటుంది. ఇద్దరి మధ్యా పెనుగులాట!

ఢాం!

ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు. ఒక్క క్షణం... ఇంకో క్షణం...

ఒకరు జారిపోతారు.

ఆంబ్రోస్!

పిస్తోలు థియో చేతిలో ఉంది.

"ఏం చేశావన్నయ్యా! వాడు క్షమించమన్నాడు కదా!"

"అది నీకు వినబడేలా అన్నాడు."

థియో పిస్తోలు కింద పడేస్తాడు.

"నా చెవిలో మాత్రం... 'నీ తర్వాత అక్క' అన్నాడు, విన్నీ."